ఫేజు చూసినావా?

బోరు మోటరు నీళ్లు పోయడం ఆపితే మా వైపు రైతు మెకానిక్కుకు ఫోను చేస్తాడు. పని తెలిసిన మెకానిక్కు బండి స్టార్టు చేయకముందే ఒక మాట అడుగుతాడు: "ఫేజు చూసినావా?" మూడు ఫేజులూ వస్తున్నాయా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు పోయిందా, స్టార్టరు పట్టుకుంటోందా, కేబులు ఎక్కడన్నా ఎలుక కొరికిందా, ఇవన్నీ చూసినాకే పైపులు పైకి తీసే మాట ఎత్తుతాడు. పని తెలియనివాడు వచ్చీ రాగానే "మోటరు ఎత్తాల్సిందే" అంటాడు. ఎత్తుడు కూలి, దింపుడు కూలి, రెండు రోజులు పైరు వాడిపోవడం, ఆఖరుకు తేలేది ఫ్యూజు తీగ. మా మేనమామ చేనులో ఇది రెండుసార్లు జరిగింది.

కంప్యూటర్ల లోకంలో మోటరు ఎత్తడాన్ని ఫార్మాట్ కొట్టడం అంటారు. ఏం అడిగినా అదే మందు. తెర నల్లబడినా ఫార్మాట్, ప్రింటు రాకపోయినా ఫార్మాట్. ఫార్మాట్ కొట్టినాక యంత్రం మళ్లీ నడుస్తుంది, నిజమే. కానీ ఏం చెడిందో ఎవరికీ తెలియదు, నెల తిరిగేసరికి మళ్లీ అదే చెడుతుంది. మధ్యలో మనుషుల కాగితాలు, ఫొటోలు, లెక్కలు పోతాయి.

కర్నూలు నుంచి నంద్యాల పోయే రోడ్డు మీద ఓర్వకల్లులో మా అన్న కొడుకు జిరాక్సు షాపు నడుపుతున్నాడు. నాలుగు కంప్యూటర్లు. నాలుగూ ఎవరో పాతబడ్డాయని అమ్మేసినవే. వాటిలో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం వేసింది నేను, కాబట్టి వాటి బాగోగులూ నావే. ఆదివారాలు కర్నూలులో బస్సెక్కి పోతాను. ఓర్వకల్లంటే బయటివాళ్లకు రాక్ గార్డెన్, 2021 మార్చిలో మొదలైన విమానాశ్రయం గుర్తొస్తాయి. నాకు మాత్రం ముందుగా పొదుపు సంఘాలు గుర్తొస్తాయి. 1990ల నుంచి ఇక్కడి ఆడవాళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి కట్టుకున్న సంఘాల వల్లే ఈ మండలం పేరు దేశం తెలుసుకుంది. షాపులో సగం పని ఆ సంఘాల లెక్కల కాగితాలే.

మార్చి నెలాఖరు ఆదివారం ఒకటి చెబుతాను. నేను పోయేసరికి సంఘం లెక్కలు రాసే ఒకామె బల్ల మీద కూర్చుని ఉంది, ముఖంలో నెత్తురు లేదు.

"పాస్‌వర్డు సరిగ్గానే కొడతాండా చిన్నాయనా, లోపలికి పోయినట్టే పోయి మళ్లీ పాస్‌వర్డే అడుగుతాండాది," అన్నాడు మావాడు.

"మూడు నెల్ల లెక్కలు అందులోనే ఉండాయి సార్. ఫోన్లో అడిగితే ఫార్మాట్ కొట్టాలన్నారంట," అంది ఆమె.

నేను ఏమీ ముట్టుకోకుండా వాణ్ని మళ్లీ ఒకసారి చేయమన్నాను. పాస్‌వర్డు కొట్టినాడు. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్లీ మొదటికి వచ్చింది. ఈసారి కావాలని తప్పు పాస్‌వర్డు కొట్టమన్నాను. "పాస్‌వర్డు తప్పు" అని అక్షరాల్లో చెప్పింది. ఆ రెండింటికీ తేడా ఉంది చూడండి. తప్పయితే తప్పని చెబుతోంది. సరైనది కొడితే తలుపు తీసి, లోపల ఏదో కుదరక బయటికి పంపుతోంది. అంటే పాస్‌వర్డులో రోగం లేదు, లోపల ఉంది. అక్కడికి ఒక ఫేజు చూసినట్టు.

లినక్స్‌లో బొమ్మల తెర వెనక అక్షరాల తెరలు కొన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కితే అక్కడికి పోవచ్చు. నల్లటి తెర మీద పేరు, పాస్‌వర్డు కొట్టినాను. లోపలికి రానిచ్చింది. డిస్కులో ఎంత చోటుందో చెప్పే 'డీఎఫ్' అనే ఆజ్ఞ ఇచ్చినాను. నూటికి నూరు శాతం నిండిపోయింది. బొమ్మల తెర మీద లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటరు ఒక చిన్న ఫైలు రాసుకోవాలి. రాయడానికి చోటు లేదు. అందుకే వచ్చినవాణ్ని వచ్చినట్టే బయటికి పంపుతోంది.

ఇంత నిండినా మరమ్మతుకు చోటు ఎట్లా మిగిలిందంటే, దానికి కారణం ఉంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే ఎక్స్‌టీ4 అనే డిస్కు అమరిక మామూలుగా 5 శాతం చోటు పక్కన పెట్టుకుంటుంది. దాన్ని మామూలు వాడకానికి ఇవ్వదు, యంత్రం యజమాని హోదా ఉన్న 'రూట్' ఒక్కరికే ఇస్తుంది. కరువు రోజుల్లో మా అవ్వ అటక మీద కుండలో విత్తనం గింజలు దాచిపెట్టి, ఇంట్లో గంజి కాచుకున్నా వాటి మీద చెయ్యి వేయనిచ్చేది కాదు. ఆ 5 శాతాన్ని ఎప్పుడు చూసినా నాకు ఆ కుండ గుర్తొస్తుంది. ఎవరో ఎక్కడో కూర్చుని, ఒకరోజు అంతా నిండిపోతుంది, ఆరోజు బాగుచేసేవాడికి కాలు పెట్టే చోటుండాలి అని ముందే ఆలోచించినారు.

ముందు ఆమె లెక్కల ఫైలు పెన్‌డ్రైవులోకి తీసి, పక్క కంప్యూటరులో తెరిచి చూపించి, ఆమె చేతిలో పెట్టినాను. అప్పుడు మంచినీళ్లు తాగింది. ఏ మరమ్మతుకైనా ఇది మొదటి పని. ఇది చేయకుండా స్క్రూ డ్రైవరు పట్టుకునేవాణ్ని నేను నమ్మను.

తర్వాత చోటంతా ఎవరు తినేసినారో వెతకాలి. 'డీయూ' అనే ఆజ్ఞ ఏ ఫోల్డరు ఎంత బరువుందో చెబుతుంది. పెద్ద ఫోల్డరు, దానిలో పెద్దది, దానిలో పెద్దది, ఇట్లా దిగుతూ పోతే కంప్యూటరు తన రోజువారీ చిట్టా రాసుకునే లాగ్ ఫోల్డరు దగ్గర ఆగింది. 120 జీబీ డిస్కులో 70 జీబీకి పైగా ఆ చిట్టాలే. చివరి పేజీ తెరిస్తే ఒకే వాక్యం, లక్షల సార్లు: పీసీఐఈ బస్సులో పొరపాటు, సరిదిద్దబడింది. వైఫై కార్డుకూ మదర్‌బోర్డుకూ మధ్య మాట తడబడుతోంది. తడబడిన ప్రతిసారీ యంత్రం దాన్ని తనే దిద్దుకుంటోంది. దిద్దుకున్న ప్రతిసారీ నిజాయితీగా చిట్టాలో రాస్తోంది. ఆ రాతలతోనే ఇల్లు నిండిపోయింది.

ఇక్కడ చేతిపని తెలిసినవాళ్లు చెప్పే జాగ్రత్త ఒకటుంది. చిట్టాను డిలీట్ కొడితే చోటు రాకపోవచ్చు. రాసే ప్రోగ్రాము ఆ ఫైలును ఇంకా చేతిలో పట్టుకునే ఉంటుంది కాబట్టి, పేరు పోతుంది కానీ డిస్కులో బరువు అట్లాగే ఉంటుంది. ఫైలును ఉంచి, లోపలిది మాత్రం ఖాళీ చేయాలి. అట్లా చేసి రీస్టార్ట్ కొడితే తెర వచ్చింది. మొత్తం నలభై నిమిషాలు.

ఆ ఎర్రరు చిట్టాలో పడకుండా చేసే మాట ఒకటి లినక్స్‌కు గుండెలాంటి కెర్నెల్‌కు చెప్పవచ్చు. చాలామంది అదే చేసి చేతులు దులుపుకుంటారు. నాకది నచ్చదు. నొప్పి చెప్పే నోరు మూస్తే నొప్పి పోదు. క్యాబినెట్ విప్పినాం. మా ప్రాంతంలో నాపరాయి దుమ్ము గురించి చెప్పాల్సిన పనిలేదు, ఫ్యాను రెక్కల మీద బూడిద రంగు పొర కట్టింది. దులిపి, వైఫై కార్డు బయటికి తీసి, దాని కాళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టినాం. వరదలా వచ్చే ఆ వాక్యం రోజుకు నాలుగైదుసార్లకు తగ్గింది. చిట్టా ఇంతకు మించి పెరగకూడదని హద్దు పెట్టి వచ్చేసినాను.

ఫార్మాట్ కొట్టి ఉంటే? అదే కార్డు, అదే దుమ్ము. ఎండాకాలం దాటేలోపు మళ్లీ నిండేది.

షాపులో ఒక కంప్యూటరులో విండోస్ కూడా ఉంచక తప్పలేదు. వేలిముద్ర తీసుకునే పరికరాలు కొన్నిటికి తయారీదారులు డ్రైవర్లు దానికే ఇస్తారు. లినక్స్‌తో అన్నీ అవుతాయని నేను ఎవరికీ చెప్పను. ఆ కంప్యూటరులో గడియారం తప్పు చూపిస్తోందని మావాడు లోపలి నాణెం బ్యాటరీ రెండుసార్లు మార్చినాడు. ఎంత తప్పు అని అడిగితే, సరిగ్గా ఐదున్నర గంటలు వెనక అన్నాడు. బ్యాటరీ అయిపోతే గడియారం ఇష్టం వచ్చినట్టు తప్పుతుంది, ఇంత కచ్చితంగా తప్పదు. ఐదున్నర గంటలంటే మన దేశానికీ అంతర్జాతీయ సమయానికీ ఉన్న దూరం. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ అంతర్జాతీయ సమయం రాసిపెడుతుంది, విండోస్ దాన్నే మన సమయమనుకుని చదువుతుంది. ఇద్దరినీ ఒక మాట మీదికి తెస్తే సరి, ఒక్క ఆజ్ఞ పని. అంకెను అంకెలాగా అడిగితే రోగం పేరు అదే చెప్పింది.

తెలుగు అక్షరాల గొడవ ఇంకొకటి. డీటీపీ సెంటరు నుంచి వచ్చిన అర్జీ ఫైలు తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. అందరూ వైరస్ అంటారు. వైరస్ లేదు, ఏమీ లేదు. పాత డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు అక్షరాల బొమ్మలను కూర్చోబెట్టినవి. ఆ ఫాంటు లేని చోట కుర్చీలే కనిపిస్తాయి. యూనికోడ్ అనే ప్రపంచ లిపుల పట్టికలో, 1991 అక్టోబరులో వచ్చిన మొదటి సంపుటిలోనే తెలుగుకు సొంత కుర్చీలు దక్కినాయి. అదే ఏడాది ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల ఫిన్లాండు విద్యార్థి, తాను ఒక ఆపరేటింగ్ సిస్టం రాస్తున్నానని ప్రకటించినాడు; అదే లినక్స్. మన అక్షరాలకు ఇల్లు, ఈ యంత్రాలకు ప్రాణం ఒకే ఏడు పుట్టినాయని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. ఇన్నేళ్లయినా మన అర్జీలు, పెళ్లిపత్రికలు పాత కుర్చీలు వదలకపోవడం బాధగా ఉంటుంది.

తెలుగు అక్షరం ఒకటి ప్రపంచాన్ని హడలగొట్టిన సంగతి గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో, కనపడని ఒక గుర్తు కలిసిన 'జ్ఞా' సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసేదాకా మనం వేచి ఉండటమే. లోపలికి తొంగిచూసే దారి బయటివాళ్లకు లేదు. లినక్స్‌లో అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ కోడ్ ఎవరైనా తెరిచి చదవవచ్చు, తప్పుంటే దిద్ది పంపవచ్చు. స్వేచ్ఛ లాంటి మన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థలు ఆపరేటింగ్ సిస్టం మాటలను తెలుగులోకి తేగలిగింది కూడా ఆ తలుపు తెరిచి ఉండబట్టే.

అసలు ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మూలం ఒక ప్రింటరు. అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలలో కొత్త లేజర్ ప్రింటరులో కాగితం ఇరుక్కునేది. పాత ప్రింటరుకైతే ఇరుక్కున్నప్పుడు ప్రింటు కోసం వేచి ఉన్నవాళ్లకు కబురు పోయేలా అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ ప్రోగ్రామును మార్చి పెట్టుకున్నాడు. కొత్తదాని కోడ్ అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టినానంటూ ఒకాయన ఇవ్వలేదు. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టం రాస్తానని ప్రకటించడం వెనక ఆ చేదు ఉంది. షాపులో ప్రింటరు ఇరుక్కున్న ప్రతిసారీ మావాడికి ఈ కథ చెబుతుంటాను.

చిన్న తేడాను చిన్నదని వదలకపోవడం ఎంత పెద్ద పనో 2024 మార్చిలో తెలిసింది. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీరు, తన కంప్యూటరులోకి దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించినాడు. మనమైతే నెట్టు నెమ్మది అనుకుంటాం. ఆయన ఆ అర సెకను వెంట తవ్వుకుంటూ పోయి, ఎక్స్‌జెడ్ అనే చిన్న కుదింపు పనిముట్టులో ఎవరో దొంగదారి పెట్టినారని పట్టుకుని, 29వ తేదీన లోకానికి చెప్పినాడు. అది ఇంకొన్ని నెలలు దాగి ఉంటే ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లకు చేరేది. కోడ్ తెరిచి ఉన్నంత మాత్రాన కాపలా ఉన్నట్టు కాదు. చదివే మనిషి కావాలి. ఆ రోజు ఆయన చదివినాడు.

మా షాపులో గోడకు ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకం వేలాడుతుంటుంది. తేదీ, ఏ కంప్యూటరు, ఏం కనిపించింది, తెర మీది మాట అక్షరం మార్చకుండా, ఏం చేస్తే పోయింది. అంతే రాస్తాం. లాగిన్ తిరిగొచ్చిన రోగం అందులో 31వ పేజీలో ఉంది. పోయిన వర్షాకాలంలో అదే రోగం ఇంకో కంప్యూటరుకు వస్తే మావాడు నాకు ఫోను చేయలేదు. ఆ పేజీ తీసి తనే చేసుకున్నాడు, ఆదివారం పోయినప్పుడు చెప్పినాడు.

విండోస్ 10కు మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినాయి. మీ ఊరి బడిలో, సంఘం ఆఫీసులో, ఇంటి అటక మీద దాని వల్ల మూలన పడిన కంప్యూటరు ఉండే ఉంటుంది. పాతసామాన్ల బండికి వేయకముందు లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవు ఒకటి పెట్టి నడిపి చూడండి, డిస్కును ముట్టుకోకుండానే నడుస్తుంది. నచ్చితే ఉంచుకోండి. దాంతోపాటు ఒక నోటుపుస్తకం కొని, పెన్ను కట్టి, పక్కన వేలాడదీయండి.