తెల్లకణములు భటులేనా?

రక్తమందలి తెల్లకణములను గూర్చి తెలుగులో వ్రాయువారు తరచుగా ఒకే ఉపమానమును ఆశ్రయించుచున్నారు. అవి శరీరమును కాపాడు రక్షకభటులట! చిన్న తరగతులకు ఈ మాట చాలును. కాని పై తరగతులలో కూడ ఇంతకు మించి పోకుండుటవలన, భటులెంత ఎక్కువైన అంత మేలు అను భావము విద్యార్థి మనస్సున స్థిరపడుచున్నది. తెల్లకణములను పెంచు మందులను వర్ణించునపుడు ఈ లోపము స్పష్టముగా బయటపడును.

తెల్లకణములు ఎముకల మూలుగలో పుట్టును. వానిలో న్యూట్రోఫిలులు అనునవి రక్తములో కొన్ని గంటలు మాత్రమే తిరుగాడును. కావున మూలుగ దినమునకు సుమారు 10,000 కోట్ల కణములను క్రొత్తగా తయారుచేయవలెను. అందుకు పురికొల్పు మాంసకృత్తులలో ముఖ్యమైనది జి-సి.ఎస్.ఎఫ్. 1960 తరువాతి సంవత్సరములలో మెల్‌బోర్న్ నగరమున డొనాల్డ్ మెట్‌కాఫ్, రే బ్రాడ్లీ అనువారు మూలుగ కణములను గాజుపళ్ళెములలో పెంచి చూచిరి. ఆ కణములు వాటంతట అవి పెరుగలేదు. వెలుపలినుండి ఒక ప్రేరకము కావలసివచ్చినది. అనగా ఈ భటులు ఆజ్ఞ లేనిదే పుట్టనైన పుట్టరు. ఈ వృద్ధికారకపు మానవ జన్యువును 1986లో వేరుచేసిరి. 1991లో అది ఫిల్‌గ్రాస్టిమ్ అను పేర అమెరికాలో మందుగా అనుమతి పొందినది. 2001లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ దానిని గ్రాఫీల్ అను పేర విడుదల చేసినది.

క్యాన్సరు మందులు మూలుగను అణచినపుడు న్యూట్రోఫిలులు ఘన మిల్లీమీటరుకు 500 కన్న తగ్గిపోవచ్చును. అప్పుడు జ్వరము వచ్చినచో ప్రాణాపాయమే. ఈ సూదిమందు ఆ లోటు దినములను తగ్గించును. ఇంతవరకు భటుల ఉపమానము చక్కగానే నడచును.

దీనినే చింతపల్లిలో చెప్పి చూడుడు. (1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు తుపాకుల కొరకు ముట్టడించిన ఠాణా ఆ ఊరిదే; అక్కడ భటుడనగానే పిల్లలకు రక్షణయే తోచునో, మరేమి తోచునో!) ఆ మన్యములోని గిరిజనులలో కొడవలి కణ వ్యాధి కలదు. 2023 జూలై 1న ఆరంభమైన జాతీయ కార్యక్రమము ఇట్టి ప్రాంతములను ఉద్దేశించినదే. ఈ రోగులలో ఎర్రకణములు కొడవలివలె వంగి సన్నని నాళములలో చిక్కుకొనును. అక్కడ తెల్లకణములు కాపాడుటకు మారుగా హాని చేయును. అవి నాళపు గోడలకు అంటుకొనగా, వంగిన ఎర్రకణములు వానికి తగులుకొని దారి మూసివేయును. తెల్లకణములు 15,000 మించిన పెద్దవారిలో అకాలమరణములు ఎక్కువని 1994లో అమెరికాలో ప్రకటించిన ఒక దీర్ఘ పరిశీలన తెలిపినది. ఈ వ్యాధిగలవారికి ఫిల్‌గ్రాస్టిమ్ ఇచ్చినపుడు తీవ్రమైన నొప్పులు వచ్చుట, కొందరు మరణించుట కూడ జరిగినది. అందుచేతనే ఆ మందు వివరపత్రములో హెచ్చరిక చేర్చిరి. ఈ రోగమునకు వాడు హైడ్రాక్సీయూరియా పిండదశ హీమోగ్లోబిన్‌ను పెంచును. దానితోబాటు తెల్లకణములను తగ్గించును. ఆ తగ్గుదల కూడ మేలుచేయుననియే వైద్యుల తలంపు.

భటులను తగ్గించు మందు రోగికి మేలెట్లు చేయునని చింతపల్లి విద్యార్థి ప్రశ్నించినచో, ఆ ఉపమానమునుండి ఉపాధ్యాయునకు జవాబు దొరకదు. తన ఇంటిలోనే ఆ రోగియున్న బాలుడు అడుగు ప్రశ్న అది. రక్తపరీక్ష చీటీలో 4,000 ప్రక్కనే 11,000 అని కూడ అచ్చువేసియుండును; ఆ రెండవ అంకె యెందులకో మన వ్యాసములు చెప్పుట అరుదు.