చిట్టిబాబు వీణపై ‘రఘువంశ సుధా’: మాట లేని వ్యాఖ్యానం

1. ప్రవేశిక:

దాశరథి కృష్ణమాచార్య ఇందూరు ఖిల్లా జైలులో బందీగా ఉన్న నాటి నుంచి నిజామాబాదు సాహిత్య చరిత్రలో వీణ ఒక బలమైన ప్రతీక. 1950లో వెలువడిన ఆయన కావ్యానికి పేరే ‘రుద్రవీణ’. ఇందూరు, బోధన్ కళాశాలల్లో ఈ ప్రతీకను బోధించే అధ్యాపకునికి ఒక ప్రశ్న ఎదురుకాక తప్పదు: మాట లేకుండా వీణ అర్థాన్ని ఎలా పలికిస్తుంది?

పాశ్చాత్య సంగీత విమర్శ సొనాటా వాదనాన్ని ఆ రచనకు వ్యాఖ్యానంగానే పరిగణిస్తుంది. 1932-35 మధ్య బీథోవెన్ 32 సొనాటాలను తొలిసారి సంపూర్ణంగా రికార్డు చేసిన పియానో విద్వాంసుడు ఆర్థర్ ష్నాబెల్. ఆయన వాదనంలో అక్కడక్కడ స్వరాలు తప్పినా, రచనల నిర్మాణాన్ని గ్రహించిన తీరు నేటికీ ప్రామాణికంగా నిలిచింది. ఇదే దృష్టితో, చిట్టిబాబు (1936-1996) వీణపై ప్రసిద్ధికెక్కిన ‘రఘువంశ సుధా’ కృతిని పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. కృతి స్వరూపం:

ఇది పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ (1845-1902) కదనకుతూహల రాగంలో, ఆదితాళంలో రచించిన కృతి. ఈ రాగం 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణానికి జన్యం. ఇందులోని స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలే. ఆరోహణ స-రి-మ-ద-ని-గ-ప-స అని వక్రంగా సాగుతుంది, అవరోహణ క్రమసంపూర్ణం. ఎక్కేటప్పుడు అంగలు, దిగేటప్పుడు మెట్లు. రాగంలోని ఉత్సాహానికి మూలం ఈ వైరుధ్యమే.

సాహిత్యం శ్రీరాముని ఉద్దేశించిన సంస్కృత సమాసాల సంబోధనమాల. ఇందులో కథ లేదు. త్యాగరాజ కృతుల్లో తరచుగా వినిపించే నిష్ఠూరమూ లేదు. నిష్ఠూరంతో నడిచే కృతిలో మాట తొలగితే వాదమే పోతుంది. ఇక్కడ మాట తొలగినా పిలుపు మిగులుతుంది. వాద్యానికి ఈ కృతి అంతగా ఒదగడానికి ఇదొక కారణం.

3. వీణ చేసే వ్యాఖ్యానం:

పియానోలోనూ వీణలోనూ నాదం పుట్టిన క్షణం నుంచే క్షీణిస్తుంది. పియానోలో సుత్తి తీగను తాకిన తరువాత స్వరస్థానాన్ని మార్చే వీలు లేదు. వీణలో మీటిన తరువాత కూడా మెట్టుపై తీగను లాగి మరో స్వరాన్ని పలికించవచ్చు. ఈమని శంకరశాస్త్రి శిష్యుడైన చిట్టిబాబు ఈ సౌలభ్యాన్ని ఎంత దూరం తీసుకుపోగలరో, కోయిల కూతను వీణపై పలికించిన ‘కొమ్మలో కోయిల’ చెబుతుంది.

‘రఘువంశ సుధా’లో కనిపించేది అందుకు భిన్నమైన సంయమనం. దీర్ఘ గమకాలకు చోటివ్వని రాగమిది. నిషాదం నుంచి గాంధారానికి దూకే చోట కంపితం చేరితే ఆ దూకుడు మసకబారుతుంది. చిట్టిబాబు స్వరాన్ని స్వరంగానే నిలిపి, మీటు స్పష్టతతో అక్షరాల విరుపును సూచిస్తారు. ఎడమచేయి అతిగా మాట్లాడకపోవడమే ఇక్కడ వ్యాఖ్యానం. చిట్టస్వరం తరువాత పల్లవి తిరిగి వచ్చినప్పుడు, సొనాటాలో తొలి ఇతివృత్తం పునరాగమించినట్లు, శ్రోతకు ఇంటికి చేరిన తృప్తి కలుగుతుంది. ఈ పోలికకు ఒక హద్దు ఉంది. సొనాటాలో ఇతివృత్తాల మధ్య శ్రుతి సంఘర్షణ ఉంటుంది. కృతిలో ఆధారషడ్జం చలించదు.

వాదనమంతా పాశ్చాత్య ధోరణిలో ఉందన్న ఆక్షేపణ రావచ్చు. ఆ ఛాయ రాగనిర్మాణంలోనే ఉంది గనుక దానికి వైణికుని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. అయితే ఆ వేగంలో సమాసాల గాంభీర్యం కొంత తేలికపడుతుందన్నది అంగీకరించవలసిన పరిమితి. సాహిత్యం తెలిసిన శ్రోత ఆ లోటును మనసులోనే పూరించుకుంటాడు. తెలియని శ్రోతకు ఉత్సాహమే దక్కుతుంది.

4. ముగింపు:

వాగ్గేయకార సాహిత్య పరిశోధన పాఠం దగ్గరే ఆగితే కృతి సగమే చదివినట్లు. ధ్వనిముద్రణ కూడా పరిశోధనకు ఆకరమే. కచేరీ వేదికలకు దూరంగా ఉన్న బోధన్ విద్యార్థికి సైతం అది అందుబాటులో ఉంటుంది. పాఠాన్ని పక్కన పెట్టుకొని, ఒక్కొక్క సమాసం దగ్గర మీటు ఎక్కడ పడిందో గుర్తిస్తూ వినడంతో ఆ అధ్యయనం మొదలుకావచ్చు. వీణను ప్రతీకగా చదివిన జిల్లాలో దాన్ని నాదంగా చదవడం తదుపరి మెట్టు.