చెకుముకిరాతి గుంటలు

టెక్సాసు రాష్ట్రపు ఉత్తరభాగమున, కెనేడియన్ నదీతీరమందలి మిట్టలపై, అలిబేట్స్ చెకుముకిరాతి గనులని ప్రసిద్ధిగన్న రక్షితప్రదేశ మొకటి కలదు. అమెరికా ప్రభుత్వము 1965లో దీనిని జాతీయ స్మారకముగా నేర్పరచెను. రేంజరు వెంట లేనిదే గనులకడకు పోనీయరు. పోయినవారిని గులకరాయినైనను జేబులో వేసికొననీయరు. ఈ కట్టడి నాకు మిక్కిలి నచ్చినది. నా జేబుల సంగతి నేనెఱుగుదును గదా!

గనులనగా నిట్టనిలువుగా కోసిన రాతిగోడలను ఊహించుకొని పోయినవారికి ఆశాభంగము తప్పదు. ఏడువందలకు పైబడిన ఆ గుంటలు శతాబ్దముల మట్టితో పూడి, గడ్డి మొలచి, చూపించువారు లేనిచో గుర్తింపరాని పల్లములై యున్నవి. సుమారు 13,000 సంవత్సరములకు పూర్వము మామతు ఏనుగులను వేటాడినవారు ఈ రాతితోనే బల్లెపు మొనలు చేసికొనిరి, క్రీ.శ. 1150 మొదలు 1450 వఱకు ఇచ్చటనే రాతిపలకల యిండ్లు కట్టుకొని మొక్కజొన్న పండించిన జనులును దీనినే వాడిరి.

నేలపైననే కావలసినంత రాయి పడియుండగా వారు త్రవ్వుట యెందులకు? ఎండకు కాగి, చలికి బిగిసి, పైరాతిలో కంటికానని నెఱ్ఱెలు పుట్టును. అట్టి రాతిని కొట్టినచో పెచ్చు చేయి కోరిన దారిని విడిచి నెఱ్ఱె చూపిన దారిని లేచిపోవును. కావుననే, ఇనుమన్న మాటయే యెఱుగని ఆ మనుష్యులు మట్టి తోడుకొనుచు నిలువెత్తు లోతునకు దిగి, ఎండ సోకని రాతిని గుండురాళ్లతో పగులగొట్టి పైకి తీసిరి. పిదప, సంతలో కుండ కొను ఇల్లాలు తట్టి చూచినట్లు, దానిని తట్టి చూచియుందురు. నెఱ్ఱె యున్న రాయి ఖంగున మ్రోగదు.

ఆ గుంటల యంచులందు తెలుపు, ఎఱుపు, ఊదా చారల పెచ్చులు నేటికిని చెదరియున్నవి. మ్యూజియములు మనకు పూర్తియైన మొనను అద్దముల వెనుక నుంచి చూపును. ఇచ్చట కానవచ్చునది, ఒక దెబ్బ వేసి, గుణము చూచి, చాలదని పాఱవైచిన రాయి. పనివాని కన్ను ఎట్టిదో తెలిసికొనుటకు నాకు మొనకంటె ఈ తిరస్కృతశిలయే మేలైన సాక్ష్యముగా తోచినది. నచ్చిన రాతిని మాత్రము బరువు తగ్గునట్లు మోటుగా చెక్కి మోసికొనిపోయెడివారు.

ఆనాటి యిండ్ల త్రవ్వకములందు పసిఫిక్ తీరపు గవ్వలు బయల్పడినవి. వానికి మాఱుగా ఈ రాయి పోయెనని పండితు లందురు. అంత దూరపు గవ్వను చేతబట్టుకొని వచ్చినవాడును రాతిని తట్టి వినక పుచ్చుకొని యుండడని నా యూహ.