నడక మారితే చాలదు

రెండు మాత్రికలను గుణించడానికి మూడు లూపులు చాలు. ఏది లోపల, ఏది బయట అన్నది గణితానికి పట్టదు. మెమరీకి పడుతుంది. ప్రోగ్రాము వేగం గురించి ఎవరు అడిగినా నేను ముందు ఈ మూడు లూపుల దగ్గరికే తీసుకెళ్తాను.

సీ భాష మాత్రికను అడ్డు వరుసల చొప్పున పేరుస్తుంది, ఫోర్ట్రాన్ నిలువు వరుసల చొప్పున. ప్రాసెసర్ ఒక్క సంఖ్య అడిగినా, నేటి చాలా యంత్రాల్లో 64 బైట్ల ముక్క మొత్తం క్యాష్ అనే చిన్న, వేగవంతమైన మెమరీలోకి వస్తుంది. ఎనిమిదేసి బైట్ల సంఖ్యలైతే ఎనిమిది. సీలో అడ్డంగా చదివితే ఎనిమిదీ అక్కరకొస్తాయి. నిలువుగా దిగితే ఒకటి వాడుకుని ఏడింటిని వదిలేస్తాం. తరగతిలో నేర్పే గుణకారంలో రెండో మాత్రికను చదివేది నిలువుగానే.

లోపలి రెండు లూపులను తారుమారు చేస్తే అంతా అడ్డనడకే. 2018లో వచ్చిన జీసీసీ 8 నుంచి, ఓ3 అనే మెరుగుదల స్థాయిలో ఆ కంపైలరే ఈ మార్పిడికి ప్రయత్నిస్తుంది. తారుమారు చేసినా ప్రతి గడిలో కూడికలు పాత క్రమంలోనే సాగుతాయి కాబట్టి జవాబు చివరి అంకె కూడా కదలదు. ఆ భరోసా లేనిచోట కంపైలర్ చెయ్యి పెట్టదు. రెండు పాయింటర్లు ఒకే మెమరీని చూపిస్తున్నాయేమోనన్న అనుమానం తీరకపోతే వెనక్కి తగ్గుతుంది. కొందరికి అది చేతగానితనంగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఆ జాగ్రత్త మీద గౌరవం. అనుమానం తీర్చాల్సింది రాసేవాళ్లం. సీ99లో రిస్ట్రిక్ట్ అనే మాట వచ్చింది అందుకే.

ఇంకో అడుగు ముందుకేస్తే, మాత్రికను చిన్న పలకలుగా విడదీసి, ఒక్కో పలక క్యాష్‌లో ఉండగానే దానితో పనంతా ముగించుకోవడం. యంత్రాల వేగాన్ని కొలిచే 1989 నాటి స్పెక్ పరీక్షల్లో మ్యాట్రిక్స్300 అనే ప్రోగ్రాము ఉండేది. దాని సమయమంతా దాదాపు ఒకే వాక్యంలో గడిచేది. కంపైలర్లు దాన్ని పలకలుగా కోయడం నేర్చుకోగానే, అవే యంత్రాల మీద మార్కులు ఎన్నో రెట్లు ఎగిశాయి. 1992 పరీక్షల్లో దాన్ని తీసేశారు. యంత్రాలను పోల్చే పరీక్షగా తీసేయడం సబబే. కానీ కంపైలర్లు చేసిన పనిని మోసంగా చెప్పుకోవడం నాకు నచ్చదు. చదివే క్రమం ఒక్కటి మారితే ఎంత తేడా వస్తుందో అంత స్పష్టంగా చూపిన ఉదాహరణ మరొకటి లేదు.

అయితే కంపైలర్ మార్చగలిగేది ఎక్కువగా నడకనే. మెమరీలో మాత్రిక అమరికను సీ కంపైలర్ దాదాపు ముట్టుకోదు, ఎందుకంటే ఏ పాయింటర్ ఎక్కడి నుంచి దాన్ని చూస్తోందో దానికి తెలియదు. 1024 నిలువు వరుసల మాత్రికనే తీసుకోండి. 32 అడ్డు వరుసలు, 32 నిలువు వరుసల పలక అంటే 8 కేబీ. 32 కేబీ క్యాష్‌లో హాయిగా పట్టాలి. పట్టదు. ఎనిమిదేసి ముక్కలు పట్టే 64 అరలుగా ఉన్న క్యాష్‌లో, 4096 బైట్లకోసారి మళ్లీ అదే అర వస్తుంది. మన అడ్డు వరుస సరిగ్గా 8192 బైట్లు. పలకలోని ముప్పై రెండు వరుసలూ నాలుగే అరల మీద పడి ఒకదాన్నొకటి బయటికి తోసేస్తాయి. మిగతా అరవై అరలూ ఈ పలకకు అక్కరకు రావు. లామ్, రాత్‌బర్గ్, వుల్ఫ్ అనే పరిశోధకులు 1991లోనే ఇలాంటి ఘర్షణలను కొలిచి చూపించారు. మందు చిన్నదే: ప్రకటనలో 1024 బదులు 1032 అని రాయాలి. వరుసకు 64 బైట్లు ఖాళీగా పోతాయి. ఒక్కో వరుసా పక్క అరకు జరుగుతుంది, ఏ అరలోనూ నాలుగు ముక్కలకు మించి చేరవు.