వంచనార్థక జాతీయములు - హాస్యచ్ఛాయ

వంచన నేరము, హాస్యము రసము. ఈ రెండింటికిని పొత్తు కుదరదని తోచును. కాని తెలుగు వ్యవహారమున వీని నడిమి సరిహద్దు మిక్కిలి పలుచనిది. దానికి కారణమును, దానివలని ఫలమును పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

సంస్కృతభవములైన పదములు వంచకుని చేష్టను నిర్దేశించును. 'వంచన'కు మూలమైన ధాతువునకు వంకరగా పోవుట యని తొలి యర్థము. తెలుగు 'వంచు' 'వంగు'నకు ప్రేరణరూపము. ఈ రెంటికిని ధ్వనిసామ్యమే కాని చుట్టరికము లేదు. 'కైతవము' కితవుని, అనగా జూదరి, పని. పారసీకమునుండి వచ్చిన 'దగా'యు చేష్టనే చెప్పును. వీనియందు నవ్వు లేదు.

జాతీయముల తీరు వేఱు. టోపీ పెట్టుట, పంగనామములు పెట్టుట, శఠగోపము పెట్టుట, క్షవరము చేయుట, చెవిలో పువ్వు పెట్టుట - అన్నిటను దృష్టి మోసపోయినవానిపైననే, అందును వాని తలపైననే నిలుచును. టోపీ జాతీయము హిందీలోను కలదు గనుక ఇవన్నియు తెలుగువారి సొంత కల్పనలని చెప్పరాదు. అయినను ఇన్ని యొకే చోట చేరుట యాదృచ్ఛికము కాదు.

'శఠ' శబ్దమునకు వంచకుడను అర్థముండుటచేతనే శఠగోపమునకు ఈ యర్థము వచ్చినదని కొందఱనవచ్చును. అట్టి శ్లేషకు తావులేని నామమునకును, టోపీకిని అదే యర్థము కలిగినది. కావున మూలము శబ్దమున లేదు. తలపై పెట్టు క్రియలో ఉన్నది. వికృతవేషాలంకారములను భరతుడు హాస్యవిభావములలో చేర్చెను. ఈ జాతీయములు బాధితునికి అట్టి వేషమునే కట్టుచున్నవి. నవ్వునకు ఆలంబనము వంచకుడు కాడు, వంచితుడు.

ఇది నిఘంటువులకు మాత్రమే చెందిన విషయము కాదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతమున కొత్త వృత్తులతోపాటు కొత్త వంచనలును, వాని పేళ్లును వచ్చినవి. 'ఫిషింగ్' మన 'గాలము వేయుట'యే. అది వంచకుని చేతిని చూపును. 'స్పామ్' అను పేరు 1970 నాటి మాంటీ పైథాన్ హాస్యనాటికనుండి వచ్చినది. అందలి నవ్వు విసుగు పుట్టించు పునరుక్తిపైనే గాని లేఖ నందుకొన్నవానిపై కాదు. మన పత్రికాశీర్షికలలో మాత్రము ఓటీపీ చెప్పి సొమ్ము పోగొట్టుకొన్న ఉద్యోగికి నేటికిని 'కుచ్చుటోపీ'యే.

'నగు' ధాతువునుండియే 'నగుబాటు' పుట్టినది. సొమ్ము పోయినవాడు దానికి వెఱచి, 1930 సంఖ్యకు ఫిర్యాదు చేయక జాగు చేసినచో పోయిన ధనమును అడ్డగించు అవకాశము సన్నగిల్లును. కావున నిఘంటుకర్తలు ఇట్టి జాతీయములకు 'మోసగించు' అని యొక్కమాటతో అర్థము వ్రాసి విడువరాదు. అందు ఎవరిని చూచి నవ్వుచున్నామో కూడ తెలుపవలెను.