గది కొలతకు కుట్టిన నేల

క్యోటోలో మేం అద్దెకు తీసుకున్న పాత ఇంట్లో ఆరు తతమిల గది ఒకటుంది. మొదటిరోజు తలుపు పక్కకు జరపగానే, పల్నాడులో మా అమ్మమ్మ వాళ్ల గడ్డివామి దగ్గర వచ్చే వాసన గుప్పుమంది. అప్పటికి తతమి అంటే నాకు ఒక రకం చాప, అంతే. ఆ తెలియనితనంతోనే చలికాలంలో దాని మీద మందపాటి తివాచీ పరిచాను. జూన్‌లో అక్కడి ముసురు మొదలైంది. త్సుయు అంటారు దాన్ని. జూలైలో తివాచీ ఎత్తి చూస్తే కింద గోడ నుంచి గోడ దాకా పచ్చటి బూజు! ఊపిరి తీసుకునే వస్తువు ముక్కు మూసి నెలల తరబడి కూర్చోబెట్టానని పక్కవీధి తతమి పనాయన చెబితేగాని తెలియలేదు.

ఆయన దుకాణం ముందు నిలబడి చూసిన పని జన్మలో మరిచిపోను. పాత పైపొర ఊడదీసి, కొత్తది బిగించి, అరచేయంత పొడవు సూదితో అంచు కుడుతున్నాడు. ప్రతి కుట్టుకీ దారం లాగి, మోచేత్తో చాప మీద అదిమి, మరోసారి లాగుతాడు. ఆ మోచేతి చర్మం కాయ కాచి, కుర్రతనం నుంచి వేసిన కుట్లన్నిటికీ లెక్క చెబుతున్నట్టుంది. కుట్టు వదులైతే ఏడాదిలో అంచు లేస్తుందట. ఆయన కుట్టిన అంచు మీద వేలు పోనిస్తే ఎక్కడా ఎత్తుపల్లం తగల్లేదు.

అసలు తతమి మూడు వస్తువుల పొత్తు. లోపల దోకో అనే వరిగడ్డి దిండు, పైన ఇగుసా గడ్డి నేత, పొడుగు వైపుల హెరి అనే గుడ్డ అంచు. నలభై సెంటీమీటర్ల ఎత్తున పేర్చిన గడ్డిని అయిదు సెంటీమీటర్లకు అణచి కుడతారు. అలాంటి చాప ఒక్కటి ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. ఇగుసా చూడ్డానికి మన తుంగలా ఉంటుంది. కాడ లోపలంతా స్పాంజిలాంటి బెండు. తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, గాలి పొడిబారితే వదులుతుంది. జపాన్‌లో పండే ఇగుసాలో నూటికి తొంభై పాళ్లకు పైగా కుమామొతో రాష్ట్రానిదే, అందులోనూ యత్సుషిరో పరిసరాలదే. చలికాలంలో నాటి, నడివేసవిలో కోసి, బంకమట్టి నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఆ రంగూ ఆ వాసనా నిలిచేది ఈ మట్టిస్నానం వల్లే.

ఒక్క చాపకు నాలుగైదు వేల కాడలు పడతాయి, మేలిరకానికి ఇంకా ఎక్కువ. కాడ ఎంత పొడవైతే నేత అంత మేలు, ఎందుకంటే రంగు తేడా ఉండే మొదలూ కొసా పక్కన పెట్టి నడిమి భాగమే పైకి కనిపించేలా నేయొచ్చు. హిరోషిమా వైపు బింగో నేతగాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. పొట్టి కాడల్లో మంచి భాగాలనే ఏరి, రెండేసి కాడలను చాప నడుమ కలిపి నేశారు. ఆ నకత్సుగి నేత చేతిమగ్గం మీద తెలిసినవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఇక గుళ్లలో వేసే ముద్రల అంచులు చూడాలి! పక్కపక్క చాపల మీది ముద్రలు హాలు పొడవునా వెంట్రుకవాసి తేడా లేకుండా ఎదురెదురుగా వచ్చి నిలుస్తాయి. ఏ గది మూలలూ సరిగ్గా మూలమట్టానికి ఉండవు కాబట్టి ప్రతి చాపనూ దాని చోటుకే కొలిచి కోస్తారు, అడుగున గుర్తు రాస్తారు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు.

పూర్వం హెయాన్ కాలంలో తతమిని దొరలు కూర్చునే చోట మాత్రమే వేసేవారు. తర్వాతి మురొమాచి కాలానికి గదంతా పరుచుకుంది. గింకకుజి గుడిలో షోగన్ అషికగ యొషిమస కట్టించిన నాలుగున్నర తతమిల గది ఇప్పటికీ ఉంది. తేనీటి గురువు సెన్ నో రిక్యూ అయితే యమజకిలో రెండే రెండు తతమిల తేనీటి గదితో జాతి నిధిని మిగిల్చిపోయాడు.

ఇల్లు వెతికేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ప్రకటనల్లో ఒక జో, అంటే ఒక తతమి పట్టే చోటు, కనీసం 1.62 చదరపు మీటర్లు. కానీ క్యోటో చాప 191 సెంటీమీటర్ల పొడవు, అపార్టుమెంటు చాప 170 మాత్రమే. ఆరు తతమిలన్నంత మాత్రాన అన్ని గదులూ ఒకటి కావు. నాకైతే క్యోటో కొలతే కొలత.

గది దొరికాక చెప్పులే కాదు, ఇంట్లో తొడిగే స్లిప్పర్లు కూడా గుమ్మం బయటే వదలాలి. అంచు తొక్కకూడదు. అది మర్యాదా అవును, అంచు బతకడానికి మార్గమూ అవును. ఊడ్చినా తుడిచినా నేత వాటంగానే. గుడ్డ పొడిగా ఉండాలి, లేదా గట్టిగా పిండి ఉండాలి. సోయా సాస్ ఒలికితే రుద్దకుండా అద్ది తీసి, ఉప్పో పౌడరో చల్లి పీల్చనిచ్చి ఎత్తేయండి. బూజు పడితే నీళ్లు వద్దు, ఆల్కహాల్‌తో తుడవండి. బరువైన బీరువా కాళ్ల కింద చెక్కపలకలు పెట్టండి. ఫుతోన్ పరుపును మాత్రం పొద్దున్నే మడిచి అల్మరాలో పెట్టాల్సిందే. ఎత్తకుండా వదిలేసిన పక్కకు వాళ్ల భాషలో మన్నెందోకో అని పేరే ఉంది, పదివేల ఏళ్ల పక్క అని! ఇల్లు ఖాళీ చేసేటప్పుడు భయపడకండి. ఎండకు రంగు మారడం మామూలు అరుగుదలేనని, అద్దెదారు డబ్బు కట్టక్కర్లేదని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఇంత పనితనాన్ని ఇప్పుడు థర్మోకోల్ మింగేస్తోంది. వరిగడ్డి చోట నురుగు పలక, ఇగుసా చోట కాగితపు పురి, అదీ కాకపోతే ప్లాస్టిక్ తీగ. పేరు మాత్రం తతమే! కాగితపు చాప ఏళ్లు గడిచినా రంగు మారదని గొప్పగా అమ్ముతారు. ఇగుసా ఆకుపచ్చ నుంచి తేనెరంగుకు, తేనెరంగు నుంచి బంగారానికి తిరగడం చూసిన కళ్లకు ఆ మాట ఎంత కష్టంగా ఉంటుందో! చైనా నుంచి చవక పైపొరలు వచ్చిపడుతుంటే 2001లో జపాన్ ప్రభుత్వం తాత్కాలికంగా దిగుమతి సుంకం పెంచింది. చైనా బదులుగా కార్లు, సెల్‌ఫోన్లు, ఏసీల మీద సుంకం వేసింది. ఆ ఏడాది తిరక్కుండానే సుంకమూ పోయింది, ఇగుసా రైతుకు అండా పోయింది. 2020లో యునెస్కో గుర్తించిన జపాన్ కొయ్యకట్టడాల విద్యల్లో తతమి తయారీ కూడా ఉందని సంతోషించాను. మరి గుర్తింపు వచ్చినంత మాత్రాన పొలంలో మొక్క నాటేదెవరు? నా కళ్లముందే ఒక ఇంటిని బాగుచేయిస్తానని యజమాని తతమిలన్నీ పీకించి వినైల్ పరిపించాడు. లారీలోకి విసిరేస్తున్న ఆ చాపల అడుగున ఎవరో చేత్తో రాసిన గుర్తులు ఇంకా చెరగలేదు.

జపాన్ వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చాప మార్చే మాట వస్తే కుమామొతో ఇగుసాయే కావాలని ఇంటివాళ్లను అడగండి. నాలుగైదేళ్లకు పైపొర తిరగేయించమనండి. మా గది చాపలకు పోయిన శరత్తులో ఆ పని జరిగింది. పక్కవీధి తతమి పనాయన పైపొర ఊడదీసి వెనక్కి తిప్పాడు. నాలుగేళ్లు ఎండ సోకని వైపు లేత పచ్చగా ఉంది. వంగి వాసన చూశాను.