నొక్కింది ఒక్కసారే

మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ చేలోకి పోయినా బోరు పక్కన ఒక స్టార్టరు డబ్బా, దానికి పచ్చ బటను, ఎర్ర బటను కనిపిస్తాయి. ఇప్పుడు ఆ డబ్బాల్లోకి మైక్రోకంట్రోలర్లు వచ్చాయి. త్రీ ఫేజ్ కరెంటు రాగానే మోటారు వేసేవి కొన్ని, ఇంటి నుంచి ఫోను కొడితే వేసేవి కొన్ని. వాటికి ప్రోగ్రాము రాయడం నేర్చుకోవాలని వచ్చే పిల్లలతో నేను ముందు బటను చదివే కోడే రాయిస్తాను. అదేముంది అన్నట్టు చూస్తారు. నా దృష్టిలో పనితనం తేలేది అక్కడే.

బటను నొక్కగానే లోపలి రేకులు ఒక్కసారిగా అతుక్కోవు. పలక మీద గోళీ వదిలితే టకటకా ఎగిరి కుదురుకున్నట్టు అవీ కలుస్తూ విడిపోతూ నిలబడతాయి. జాక్ గాన్సిల్ అనే అమెరికన్ ఇంజనీరు 18 రకాల స్విచ్‌లు తెచ్చి, ఒక్కోదాన్ని 300 సార్లు నొక్కి ఈ ఎగురుడు కొలిచాడు. మరీ తేడాగా ఉన్న రెండింటిని పక్కన పెడితే సగటు 1.6 మిల్లీసెకన్లు, గరిష్ఠం 6.2. పక్కన పెట్టినవాటిలో ఒకటైతే 157 మిల్లీసెకన్ల దాకా ఎగిరింది. మన వేలికి ఇదేమీ తెలియదు. 16 మెగాహెర్ట్జ్ ఆర్డుయినో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు మాత్రం ఒక్క మిల్లీసెకనంటే 16 వేల క్లాకు టిక్కులు. ప్రతి ఎగురుడునూ అది కొత్త నొక్కుడు కిందే లెక్క వేసుకుంటుంది.

కొత్త బటనునూ, ఎండకూ మార్కాపురం పలకల దుమ్ముకూ నలిగిన పాత బటనునూ ఆసిలోస్కోపుకు తగిలించి పిల్లలకు చూపిస్తాను. కొత్తదాని గీత రెండు మూడుసార్లు కిందా మీదా పడి సర్దుకుంటుంది. పాతది కుదురుకున్నట్టే కనిపించి మళ్లీ కూలుతుంది. మెల్లగా నొక్కితే మరీనూ. ఒకే బటనుతో ఆన్, ఆఫ్ రెండూ చేయించే డబ్బా అయితే ఇక చూడండి. లెక్కకు వచ్చిన నొక్కుళ్లు బేసి సంఖ్యలో పడితే మోటారు లేస్తుంది, సరిసంఖ్యలో పడితే రిలే టిక్కుమని ఊరుకుంటుంది. రైతు మళ్లీ నొక్కుతాడు. అందుకే మోటారుకు ఒంటి బటను పెట్టడం నాకు ససేమిరా ఇష్టం ఉండదు.

పాత స్టార్టరుకు ఈ బెడద లేదు. పచ్చ బటను నొక్కితే కాంటాక్టర్ అనే అయస్కాంత స్విచ్చు లాక్కుంటుంది, దాని హోల్డింగ్ కాంటాక్టు కాయిల్‌కు కరెంటు అందిస్తూ ఉంటుంది. ఆ తర్వాత బటను ఎన్నిసార్లు ఎగిరినా ఒకటే. హైదరాబాదు ఈసీఐఎల్, బెంగళూరు బెల్ తయారుచేసే ఓటింగ్ యంత్రంలోనూ దాదాపు ఇదే పద్ధతి. ఓటరు ఒకసారి నొక్కాక, పోలింగు సిబ్బంది కంట్రోల్ యూనిట్ మీద బ్యాలెట్ బటను మళ్లీ నొక్కేదాకా ఇంకో నొక్కుడు చెల్లదు.

సాఫ్ట్‌వేర్లో నా పద్ధతి ఇది. ప్రతి 5 మిల్లీసెకన్లకు ఒకసారి బటను చూడాలి. వరసగా ఐదుసార్లు ఒకే మాట చెబితేనే నమ్మాలి. మొదటిదానికీ ఐదోదానికీ మధ్య 20 మిల్లీసెకన్లు గడుస్తాయి. మన 50 హెర్ట్జ్ కరెంటు ఒక పూర్తి చుట్టు తిరిగే కాలం సరిగ్గా అంతే. కాబట్టి మోటారు తీగల పక్కన పోయే బటను తీగలోకి దూరిన కరెంటు రొద కూడా ఈ జల్లెడ దాటలేదు. వేలు తీసేటప్పుడూ రేకులు ఎగురుతాయి గనుక విడుదలకూ ఇదే పరీక్ష పెట్టాలి. బటను ఎగురుతుంటే డిలే పెట్టి ప్రోగ్రామును నిద్రపుచ్చడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ కాసేపట్లో ఓవర్‌లోడునూ, బోరు ఎండిపోవడాన్నీ చూసుకునేవాళ్లు ఎవరు?

ఇక్కడి బోర్లు వందల అడుగుల లోతు. మోటారు ఆపగానే పైపులోని నీళ్లు వెనక్కి దిగుతూ పంపును ఎదురు తిప్పవచ్చు. అప్పుడు మళ్లీ స్టార్టు చేస్తే షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది. అందుకే ఆగిన తర్వాత కొన్ని నిమిషాల పాటు పచ్చ బటనును పట్టించుకోవద్దని కోడులో రాయిస్తాను. ఎర్ర బటను సంగతి వేరు. దాని తీగ మైక్రోకంట్రోలర్ మీద ఆధారపడకుండా నేరుగా కాంటాక్టర్ కాయిల్ కరెంటును తెంపాలి. మోటారు ఆపమన్న మనిషిని 20 మిల్లీసెకన్లు కూడా ఆగమనకూడదు.